పూడ్చగలిగినన్ని రోజులే: బడి నడిచే కాలంలో కుటుంబ ప్రయాణాలు

బడి నడిచే కాలంలో పిల్లలను పెళ్ళికో, తీర్థయాత్రకో, చుట్టాల ఊరికో, విహారానికో తీసుకువెళ్ళవచ్చునా అన్న ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలికే గాని, ఆ జవాబు వల్ల ఏ కుటుంబానికీ ఒరిగేది లేదు. ఇంటివారి సుఖదుఃఖాలలో పాలుపంచుకోవడం పిల్లల హక్కు, బడిలో పాఠం తెగిపోకుండా నేర్చుకోవడమూ వారి హక్కే కనుక, ఈ రెండింటిలో దేనినీ తక్కువ చేయకుండా ఎప్పుడు వెళ్ళాలో, ఎన్నాళ్ళు ఉండాలో, వెళ్ళే ముందూ వచ్చిన తరువాతా ఏం చేయాలో తేల్చుకోవడానికి తల్లిదండ్రులకు ఒక పద్ధతి కావాలి. ఈ అధ్యాయం అటువంటి పద్ధతిని వివరిస్తుంది. దానికి ఆధారమైన సూత్రం ఒక్కటే: ఏ కుటుంబమైనా తాను తిరిగి పూడ్చగలిగినన్ని రోజులనే బడి నుంచి తీసుకోవాలి.

ఇక్కడ పూడ్చడం అంటే తప్పిపోయిన నోట్సును తోటి పిల్లల పుస్తకంలోంచి ఎత్తి రాసుకోవడం కాదు. బడికి రాని రోజుల్లో తరగతిలో చెప్పిన లెక్కను, చదివించిన పాఠాన్ని, చేయించిన పనిని ఆ బిడ్డ ఎవరి సాయమూ లేకుండా తానే చేయగలిగే స్థితికి తీసుకురావడమే పూడ్చడం. ఈ అర్థంలో చూస్తే, ఒకే మూడు రోజుల సెలవు ఒక ఇంటికి చిన్న విషయమూ మరొక ఇంటికి పెద్ద నష్టమూ ఎందుకవుతుందో స్పష్టమవుతుంది.

సరిహద్దు ఊరు, రెండు రకాల సెలవులు

ఈ ప్రశ్నలోని చిక్కు బాగా తెలియాలంటే కర్ణాటకలో రాయచూరు తాలూకాలోని ఇడపనూరు వంటి ఊరిని ఉదాహరణగా తీసుకోవాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండేది. ఆ ఏడాది నవంబరు 1న జరిగిన రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరగా, అంతవరకు రాయచూరు జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. పాలన సరిహద్దు మారింది గాని ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగలేదు. అందువల్ల ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడ మాధ్యమంలో చదువుకునే పిల్లలకు అమ్మమ్మ ఊరు గద్వాల వైపో ఆదోని వైపో, మేనత్త ఊరు ఎమ్మిగనూరు వైపో కర్నూలు వైపో ఉండడం మామూలు సంగతి.

చుట్టరికం నది దాటినంత తేలికగా సెలవుల పట్టిక దాటదు. కర్ణాటక విద్యాశాఖ 2024-25 సంవత్సరానికి ఇచ్చిన పట్టిక ప్రకారం బడులు మే 29న తెరుచుకుని, అక్టోబరు 3 నుంచి 20 వరకు దసరా సెలవులు ఇచ్చి, ఏప్రిల్ 10తో సంవత్సరాన్ని ముగించాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో మూతపడి జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. సంక్రాంతికి ఆంధ్రప్రదేశ్‌లో వారానికి పైగా సెలవులు ఉంటాయి, 2025లో అవి జనవరి 10 నుంచి 19 వరకు నడిచాయి. కర్ణాటకలో సంక్రాంతికి దక్కేది ఒక్క రోజే. కాబట్టి పండుగకు రమ్మని అవతలి ఒడ్డున ఉన్న తాత కబురు పెట్టినప్పుడు అక్కడి మనవలకు అది సెలవు కాలం, ఇడపనూరు మనవలకు అది నిండు పాఠాల కాలం. జూన్ మొదటి పది రోజులలోనూ ఇదే జరుగుతుంది: అక్కడి పిల్లలు ఇంకా ఆటల్లో ఉంటారు, ఇక్కడి పిల్లలకు కొత్త తరగతి మొదలై రెండు వారాలు కావస్తుంది.

పెళ్ళిళ్ళు, పండుగలు కాక ఈ ప్రాంతానికి యాత్రలు కూడా ఎక్కువే. శ్రావణ బహుళ విదియనాటి రాఘవేంద్రస్వామి ఆరాధనకు మంత్రాలయమూ, శ్రావణమాసమంతా ఉరుకుంద ఈరన్నస్వామి క్షేత్రమూ ఈ సీమ జనంతో నిండిపోతాయి. ఈ రెండూ జూలై, ఆగస్టు నెలల్లో, అంటే మొదటి అర్ధసంవత్సరపు పాఠాలు మంచి ఊపులో ఉన్నప్పుడు వస్తాయి. ఉగాదికి ముందు వేలాది కన్నడ భక్తులు కావళ్ళు మోసుకుంటూ ఆత్మకూరు మీదుగా నల్లమలలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను దాటి కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. ఆ యాత్రకు రోజులు కావాలి, అది వచ్చేది పరీక్షల వేళ. 2025లో ఉగాది మార్చి 30న పడగా, కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి., అంటే పదో తరగతి, మొదటి పరీక్ష మార్చి 21 నుంచి ఏప్రిల్ 4 వరకు జరిగింది.

ఇందులో ఏ ఒక్క ప్రయాణాన్నీ విడిగా చూసి తప్పుపట్టలేము. చిక్కు అంతా వాటి మొత్తంలో ఉంది. ఒక ఇంట్లో ఏడాదికి రెండు పెళ్ళిళ్ళకు మూడేసి రోజులు, ఆరాధనకు రెండు, ఉరుకుందకు రెండు, సంక్రాంతికి ఆరు, శ్రీశైలం నడకకు ఎనిమిది, జ్వరాలకూ దగ్గులకూ అయిదు చొప్పున వేసుకుంటే ఇరవై తొమ్మిది పనిదినాలు లెక్క తేలుతుంది. ఆ ఇంట్లో ఎవరూ బడి మాన్పించాలని అనుకోలేదు, ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, అయినా నెలకు పైగా బడి పోయింది.

చట్టం చెప్పేది

భారతదేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. ఆ చట్టం అనుబంధం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కనీసం 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు జరగాలి. నిర్బంధ విద్య అన్న మాటలోని నిర్బంధం ప్రధానంగా ప్రభుత్వం మీద ఉంది: పిల్లలు బడిలో చేరేటట్టు, హాజరయ్యేటట్టు, ఎనిమిదో తరగతి పూర్తిచేసేటట్టు చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. పదో విభాగం పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని చెబుతుంది గాని, ఆ విధి తప్పితే జరిమానా అని ఎక్కడా చెప్పదు. ఉన్నత పాఠశాలలో మాత్రం హాజరుకు ఒక గీత ఉంది. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలి. ఇది పరీక్ష రాయడానికి కావలసిన అర్హత మాత్రమే. 75 శాతం పాఠాలు వింటే చదువుకు చాలునని దీని అర్థం కాదు.

ఇతర దేశాలలో పద్ధతి వేరు. ఇంగ్లండులో 2013 సెప్టెంబరు నుంచి ప్రధానోపాధ్యాయులు అసాధారణ పరిస్థితులలో తప్ప బడి రోజుల్లో సెలవు ఇవ్వరాదన్న నియమం అమలవుతోంది. 2015లో కూతురిని ఫ్లోరిడా విహారయాత్రకు తీసుకువెళ్ళినందుకు జాన్ ప్లాట్ అనే తండ్రికి వేసిన జరిమానా వివాదం ఆ దేశపు సుప్రీంకోర్టు వరకు వెళ్ళగా, పిల్లలు క్రమంగా హాజరు కావడమంటే బడి పెట్టిన నియమాల ప్రకారం హాజరు కావడమేనని 2017 ఏప్రిల్ 6న కోర్టు తీర్పు చెప్పింది. 2024 ఆగస్టు నుంచి అక్కడ ఆ జరిమానా తల్లిదండ్రులలో ఒక్కొక్కరికి, ఒక్కొక్క బిడ్డకు 80 పౌండ్లు, గడువు లోపల కట్టకపోతే 160 పౌండ్లు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సంక్రాంతికో, ముహూర్తం కుదిరిన పెళ్ళికో పిల్లలతో స్వదేశానికి రావాలంటే ఇది నిజమైన ఇబ్బంది.

ఇడపనూరులో ఆ జరిమానా భయం లేదు. భయం లేనిచోట లెక్క కూడా లేకుండా పోతే, ఆ నష్టం పూర్తిగా బిడ్డ మీదనే పడుతుంది. జరిమానా చేయవలసిన పనిని ఇక్కడ తల్లిదండ్రుల వివేకం చేయాలి.

రోజు పోతే పోయేది ఏమిటి

బడి రోజులన్నీ సమానమైనవి కావు. నల్లరేగడి మెట్టలో పత్తి విత్తే రైతుకు అదను అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పదును ఉన్న నాడు విత్తనం పడకపోతే ఆ తరువాత ఎంత కష్టపడినా ఆ దిగుబడి రాదు. చదువులోనూ అటువంటి అదనులు ఉన్నాయి. మూడో తరగతిలో అప్పు తెచ్చుకుని తీసివేయడం నేర్పే వారం తప్పిపోయిన బిడ్డకు తరువాత వచ్చే భాగహారం అర్థం కాదు, భాగహారం రానిదే భిన్నాలు రావు. లెక్కలు ఒకదాని మీద ఒకటి నిలబడే విద్య కనుక అక్కడ పోయిన రోజు ఆ రోజుతో పోదు. అదే బిడ్డ పునశ్చరణ జరిగే వారంలో, అంటే అంతకుముందు చెప్పినదానినే మళ్ళీ చెప్పే వారంలో, రెండు రోజులు రాకపోతే నష్టం స్వల్పం.

భాష విషయంలో సరిహద్దు ఊళ్ళ పిల్లలకు మరొక లోటు ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు కన్నడం వినబడేది, చదవబడేది, రాయబడేది ప్రధానంగా బడిలోనే. ఇంట్లో కన్నడం మాట్లాడే బిడ్డ పది రోజులు బడికి రాకపోయినా ఆ భాషకు దూరం కాదు గాని, తెలుగింటి బిడ్డ అదే పది రోజులు గద్వాలలో గడిపి వస్తే పాఠాలతో పాటు పాఠం చెప్పే భాషకూ దూరమవుతుంది. ఒకటి, రెండు తరగతుల్లో అక్షరాలు కుదురుకునే దశలో ఈ ఎడబాటు మరింత భారం.

పోయిన చదువును ఇల్లు ఎంతవరకు పూడ్చగలదన్నది అన్నిటికంటె ముఖ్యం. అమెరికాలో హారిస్ కూపర్, ఆయన సహచరులు వేసవి సెలవుల ప్రభావంపై జరిగిన 39 పరిశోధనలను పరిశీలించి 1996లో ప్రకటించిన సమీక్షలో, దీర్ఘమైన విరామం తరువాత పిల్లలు సగటున ఒక నెల చదువుకు సమానమైనంత వెనకబడుతున్నారని, ఆ వెనకబాటు చదవడంలో కంటె లెక్కలు చేయడంలో ఎక్కువని తేల్చారు. ఆ సమీక్షలోనే మరొక సంగతి ఉంది: చదవడంలో మధ్యతరగతి ఇళ్ళ పిల్లలు సెలవుల్లో నిలకడగా ఉండడమో కొంత ముందుకు పోవడమో జరగగా, పేద ఇళ్ళ పిల్లలు వెనకబడ్డారు. పుస్తకాలు ఉన్న ఇల్లు, చదివించగల పెద్దలు ఉన్న ఇల్లు విరామాన్ని కొంతవరకు తట్టుకుంటుంది. అక్షరం మొదటిసారి అడుగుపెట్టిన ఇంటికి ఆ ఆసరా లేదు. తల్లిదండ్రులు తక్కువ చదువుకున్నవారైనప్పుడు వారి పిల్లలకు బడి రోజు మరింత విలువైనదవుతుంది గాని తక్కువది కాదు. నష్టాన్ని సులభంగా పూడ్చుకోగల ఇళ్ళను చూసి, పూడ్చుకునే వీలు లేని ఇళ్ళు అదే దారిలో నడవడం పిల్లలకు చేసే అన్యాయం.

పైగా బడి ఇచ్చేది పాఠం ఒక్కటే కాదు. వండిన భోజనాన్ని బడిలోనే పెట్టే అక్షర దాసోహ పథకం 2002లో కర్ణాటకలో తొలుత మొదలైన ఏడు జిల్లాలలో రాయచూరు ఒకటి. బడి మానిన బిడ్డకు ఆ పూట భోజనం, పాలు, స్నేహితుల తోడు, ఆట కూడా తప్పిపోతాయి.

ప్రయాణం ఇచ్చేది

ఇంత చెప్పినా, ప్రయాణాన్ని చదువుకు శత్రువుగా చూడడం పొరపాటు. మంచం పట్టిన నాయనమ్మను ఆఖరుసారి చూడడం, పెద్దనాన్న కూతురి పెళ్ళిలో పనులు అందుకోవడం, బంధువర్గంలో తన స్థానం ఏమిటో తెలుసుకోవడం ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని విద్య. అటువంటి సందర్భాలలో బిడ్డను ఇంటి దగ్గర వదిలివెళ్ళడం మనసుకు గాయం చేయవచ్చు. ఆ రోజులను వెనకాడకుండా తీసుకోవాలి, తీసుకుని పూడ్చాలి.

విజ్ఞానయాత్రల విషయం వేరు. వాటిలో చాలావాటికి బడి మానవలసిన అవసరమే లేదు. ఇడపనూరు వంటి ఊరి నుంచి ఒక్క ఆదివారంలో చూసి రాదగినవి ఎన్నో ఉన్నాయి. రాయచూరు కోటలో పొడవైన ఒకే రాతిపలక మీద చెక్కిన కాకతీయుల కాలపు 1294 నాటి శాసనం ఉంది. అశోకుడి పేరు స్పష్టంగా కనిపించే శాసనం 1915లో బయటపడిన మస్కి ఈ జిల్లాలోనే ఉంది. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్న ఆలంపూరు, కృష్ణ మీద జూరాల ఆనకట్ట, గద్వాల కోట రాష్ట్ర సరిహద్దుకు అవతల ఉన్నాయి. జూన్‌లో కారహున్నిమె వేళ రాయచూరు పట్నంలో మున్నూరు కాపు సమాజం జరిపే ముంగారు పండుగలో ఎద్దుల చేత బండరాళ్ళు లాగించే పోటీలు జరుగుతాయి. వాటిని ఒక పూటలో చూసి రావచ్చు. దూరాన ఉన్నదే చూడదగినదన్న భ్రమను వదిలించుకున్న కుటుంబానికి సెలవు చీటీల అవసరం సగానికి తగ్గుతుంది.

నిర్ణయానికి ముందు నాలుగు ప్రశ్నలు

బడి రోజుల్లో ప్రయాణం తలపెట్టినప్పుడు తల్లిదండ్రులు వరసగా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఈ ప్రయాణం తేదీని మార్చే వీలు తమ చేతిలో ఉన్నదా? చావు, జబ్బు, వేరొకరు నిశ్చయించిన పెళ్ళి ముహూర్తం తమ చేతిలో ఉండవు. పుట్టువెంట్రుకలు తీయించడం, మొక్కు చెల్లించడం, చుట్టపుచూపుగా వెళ్ళడం, విహారం చాలావరకు ఉంటాయి. చేతిలో ఉన్న తేదీని బడి రోజు మీద పెట్టడానికి బలమైన కారణం ఉండాలి. చౌకగా టికెట్టు దొరకడం అంత బలమైన కారణం కాదు.

రెండవది, ఆ రోజుల్లో తరగతిలో ఏం జరగబోతున్నది? ఈ సంగతి ఇంట్లో కూర్చుని ఊహించేది కాదు, ఉపాధ్యాయుడిని అడిగి తెలుసుకోవలసింది. కొత్త పాఠం మొదలయ్యే వారమా, పునశ్చరణ జరిగే వారమా, పరీక్ష వారమా అన్నదానిని బట్టి అవే మూడు రోజుల బరువు మారుతుంది.

మూడవది, ఈ విద్యాసంవత్సరంలో ఇప్పటికే ఎన్ని రోజులు పోయాయి? దీనికి ఒక గీత పెట్టుకోవడం మంచిది. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఏ కారణం చేతనైనా పదోవంతు రోజులు బడికి రాని పిల్లలను వెనకబడే ప్రమాదం ఉన్నవారిగా ప్రత్యేకంగా గమనిస్తారు. ఏడాదికి 220 పనిదినాలు ఉంటే పదోవంతు 22 రోజులు. జ్వరాలూ ఆకస్మిక అవసరాలూ ఈ లెక్కలోకే వస్తాయి కనుక, ముందుగా అనుకున్న ప్రయాణాలకు అందులో మూడోవంతుకు మించి, అంటే ఏడు రోజులకు మించి, కేటాయించకపోవడం క్షేమం. ఏడు అన్నది చట్టం పెట్టిన సంఖ్య కాదు. జబ్బులకూ ఆపదలకూ చోటు వదిలిపెట్టి ఈ అధ్యాయం సూచిస్తున్న హద్దు. ఇంతకుముందు లెక్కవేసిన ఇరవై తొమ్మిది రోజులను దీనితో పోల్చి చూస్తే ఆ ఇల్లు ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది.

నాలుగవది, తిరిగి వచ్చాక పూడ్చేది ఎవరు? ఇంట్లో చదువు చెప్పగల అన్నో అక్కో, సాయంత్రం అరగంట కేటాయించగల ఉపాధ్యాయుడో, పక్కింటి పై తరగతి విద్యార్థో, ఎవరో ఒకరి పేరు స్పష్టంగా చెప్పగలగాలి. ఆ పేరు చెప్పలేనప్పుడు ప్రయాణాన్ని కుదించడమో, పెద్దలలో ఒకరు బిడ్డతో ఇంటి దగ్గర ఆగిపోవడమో మేలు.

ఏటి పట్టిక

ఏడాదిలో 365 రోజులుంటే బడి కోరేది దాదాపు 220; మిగిలిన 145 రోజులు కుటుంబానివే. చుట్టరికాలనూ యాత్రలనూ వీలైనంత వరకు ఆ 145లో సర్దడానికి మే నెలాఖరులో, బడి తెరిచే వారంలో, ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. గోడ క్యాలెండరు మీద కర్ణాటక బడి సెలవులను ఒక రంగుతో, అవతలి రాష్ట్రంలో చదివే బావలు, మరదళ్ళ సెలవులను మరొక రంగుతో గుర్తుపెడితే రెండు రంగులూ కలిసే రోజులు కంటికి కనిపిస్తాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి మే చివరి వారం దాకా దాదాపు నెల రోజులు అందరికీ సెలవులే. దసరా వేళ కూడా చాలా ఏళ్ళలో కొన్ని రోజులు కలుస్తాయి. అమ్మమ్మ ఇంటికి వెళ్ళే దీర్ఘమైన చుట్టపుచూపును సంక్రాంతి నుంచి దసరాకో వేసవికో మార్చుకుని, సంక్రాంతికి పండుగనాడు మాత్రం వెళ్ళివస్తే బంధుత్వానికి లోటు రాదు. ఆరాధనకు మూడు రోజులూ ఉండడానికి బదులు దగ్గరలోనే ఉన్న మంత్రాలయానికి ఆదివారం వెళ్ళవచ్చు. శ్రీశైలం కాలినడకను బిడ్డ పదో తరగతి పరీక్షల ఏట పెద్దలు మాత్రమే చేసి, ఆ బిడ్డను వేసవిలో బస్సులో తీసుకువెళ్ళి దర్శనం చేయించవచ్చు.

ఈ పట్టికను పెద్దలు మాత్రమే కూర్చుని వేయకూడదు. ఏ తేదీన తన బడిలో ఏమున్నదో బిడ్డకే బాగా తెలుస్తుంది. పైగా ఆ బిడ్డ మాటకు విలువ ఇచ్చినప్పుడు, బడి రోజు ఇంట్లో అందరూ కాపాడవలసినదన్న భావం చిన్ననాడే నాటుకుంటుంది.

బడితో మాట్లాడే తీరు

చాలా ఇళ్ళలో సెలవు అడగడానికి మొహమాటపడి, తిరిగి వచ్చాక జ్వరం వచ్చిందని చీటీ రాసి పంపుతారు. ఆ చీటీ పట్టుకువెళ్ళేది బిడ్డ. అబద్ధాన్ని ఉపాధ్యాయుడి చేతిలో పెట్టవలసివచ్చిన బిడ్డకు పోయిన పాఠం గురించి అడిగే ధైర్యం కూడా పోతుంది, ఎందుకంటే ప్రశ్న అడిగితే ఎక్కడికి వెళ్ళావన్న ప్రశ్న ఎదురవుతుందని భయం. నిజం చెప్పిన ఇంటికే పూడ్చుకునే దారి తెరిచి ఉంటుంది.

ప్రయాణానికి కనీసం వారం ముందు తల్లిగాని తండ్రిగాని స్వయంగా బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుడికి సెలవు చీటీ ఇచ్చి, తరగతి ఉపాధ్యాయుడితో మాట్లాడాలి. చీటీలో బిడ్డ పేరు, తరగతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, నిజమైన కారణం, తిరిగి హాజరయ్యే రోజు ఉంటే సరిపోతుంది. మాటల్లో మాత్రం ఇంకొకటి కావాలి: మీరు అనుమతించండి అని అడగడంతో ఆగకుండా, ఈ రోజుల్లో ఏ పాఠాలు జరుగుతాయి, మేము ఏం చదివించాలి అని అడగాలి. పిల్లల హాజరు గురించి, నేర్చుకుంటున్న తీరు గురించి తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా తెలియజేయడం విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయులకు అప్పగించిన విధులలో ఒకటి కనుక, ఈ సంభాషణను బడి భారంగా భావించవలసిన పని లేదు.

ఊరంతా కదిలే జాతర ఉన్నప్పుడు ఒక్కొక్క ఇల్లు విడివిడిగా సెలవు అడగడం కంటె బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితి, అంటే కర్ణాటకలో ఎస్.డి.ఎం.సి. అని పిలిచే తల్లిదండ్రుల సమితి, ముందుగా కూర్చుని మాట్లాడుకోవడం మంచిది. సగం తరగతి రాని రోజున కొత్త పాఠం మొదలుపెట్టకుండా ఉండేటట్టు ఉపాధ్యాయులతో ఒప్పందానికి వస్తే, వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ మేలు జరుగుతుంది.

దారిలోనూ, తిరిగి వచ్చాకనూ

ప్రయాణంలో పుస్తకాల సంచి మొత్తం మోయించడం వల్ల ఉపయోగం లేదు. పెళ్ళింట్లో ఎవరూ దానిని తెరవరు. రోజుకు ఇరవై నిమిషాల పనిని మాత్రమే ముందుగా నిర్ణయించి, ఉదయం అందరూ లేచే హడావుడికి ముందే చేయించడం ఆచరణలో సాధ్యం. చిన్న తరగతుల పిల్లలకు ఒక పేజీ కన్నడం పైకి చదవడం, అయిదు లెక్కలు చేయడం చాలు. పెద్ద తరగతుల వారికి ప్రయాణంలో చూసినదాని గురించి బడి భాషలో పది వాక్యాలు రాయడం అదనంగా చేర్చవచ్చు. బస్సు టికెట్ల మొత్తం కూడడం, ఊళ్ళ మధ్య దూరాలు తీసివేయడం, బోర్డులు చదవడం దారిలో దొరికే అభ్యాసాలు.

తిరుగు ప్రయాణం బిడ్డ మళ్ళీ బడికి వెళ్ళే నాటికి ఒక రోజు ముందే ముగియాలి. తెల్లవారుజామున దిగి, నిద్రకళ్ళతో బడికి వెళ్ళిన బిడ్డకు ఆ రోజూ పోయినట్టే. మూడు రోజులు మానితే పూడ్చడానికి వారం, వారం మానితే రెండు వారాలు పడుతుందని అనుకుని, ఆ రోజుల్లో సాయంత్రం అరగంట దానికే కేటాయించాలి. పూడ్చడం పూర్తయిందో లేదో తెలుసుకునే పరీక్ష తేలికైనది: తప్పిపోయిన పాఠంలోని లెక్కను బిడ్డ పుస్తకం చూడకుండా చేసి, ఎలా చేసిందో ఇంట్లోవారికి చెప్పగలగాలి. ఆ లెక్క చదువురాని తల్లికి అర్థం కాకపోయినా, బిడ్డ తడబడకుండా చెబుతున్నదో లేదో ఆమెకు తెలుస్తుంది. తడబడితే మర్నాడే ఉపాధ్యాయుడికి చెప్పాలి.

పనికోసం మాన్పించే రోజులు

పత్తి తీతల కాలంలోనూ, మిరప కోతల కాలంలోనూ చేతులు చాలక పిల్లలను బడి మాన్పించడం, పనులు లేని నెలల్లో కుటుంబమంతా బెంగళూరుకో పుణేకో హైదరాబాదుకో కట్టడాల పనికి వెళ్ళడం ఈ జిల్లాలో ఉన్నదే. హాజరుపట్టీలో విహారానికి వెళ్ళిన బిడ్డకూ పత్తి ఏరడానికి వెళ్ళిన బిడ్డకూ పడే గుర్తు ఒకటే అయినా, ఈ రెండూ ఒకే సమస్య కావు. మొదటిది ఇంటి ఎంపిక, రెండవది ఇంటి ఇబ్బంది. ఇబ్బందిలో ఉన్న కుటుంబానికి ఉపదేశం కంటె దారి చూపడం అవసరం. వలస వెళ్ళే కుటుంబాల పిల్లలను వెళ్ళినచోట బడిలో చేర్చుకునేటట్టు చూడడం స్థానిక సంస్థల బాధ్యత అని విద్యాహక్కు చట్టం చెబుతుంది. బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ఏ బడీ చేరికను నిరాకరించరాదు. తాత, అమ్మమ్మల దగ్గర బిడ్డను ఉంచగలిగితే ఉంచడం, లేకుంటే వెళ్ళేచోట బడి ఎక్కడున్నదో మేస్త్రీని ముందే అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రులు చేయగలిగిన పనులు.

చాలా రోజులు పోయినా తలుపులు మూసుకుపోవు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల నుంచి నడిపిన వారధి శిబిరాలు, అంటే పనిలోంచి వచ్చిన పిల్లలకు కొన్ని నెలలపాటు ప్రత్యేకంగా చదువు చెప్పి వయసుకు తగిన తరగతిలో చేర్పించే శిబిరాలు, ఏళ్ళ తరబడి బడికి దూరమైన పిల్లలు కూడా తిరిగి అందుకోగలరని చూపాయి. విద్యాహక్కు చట్టంలోని నాలుగో విభాగం కూడా బడికి దూరమైన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. ఆ శిబిరాలు నేర్పే పాఠం ఒకటుంది: పూడ్చడం సాధ్యమే, కాని అది దానంతట అది జరగదు, ఎవరో ఒకరు పూనుకుని, వేళ కేటాయించి, చివరిదాకా నిలబడితేనే జరుగుతుంది.

ఆచరణ

ఈ అధ్యాయం చదివిన తల్లిదండ్రులు ఈ వారంలోనే మూడు పనులు చేయాలి. మొదటిది, బడికి వెళ్ళి ఈ ఏడాది తమ బిడ్డ ఎన్ని రోజులు రాలేదో హాజరుపట్టీ చూసి తెలుసుకుని, ఆ సంఖ్యను ఇంటి క్యాలెండరు మీద రాసుకోవాలి. రెండవది, రాబోయే ఆరు నెలల్లో అనుకుంటున్న ప్రయాణాలన్నిటినీ ఒక కాగితం మీద రాసి, తేదీ మార్చగలిగినవాటిని సెలవు రోజుల్లోకి మార్చాలి. మూడవది, మార్చలేని ప్రతి ప్రయాణం పక్కన, తిరిగి వచ్చాక పాఠం పూడ్చేవారి పేరు రాయాలి. పేరు రాయలేని చోట ప్రయాణం గురించి ఇంటిల్లిపాదీ మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి.